గుఱ్ఱపుసాల అద్దె

అంగడిలో నమ్ము వస్తువునకు వెల కట్టుట కష్టము కాదు. బియ్యము కిలో యింతయని, నూనె లీటరింతయని పదిమందికిని తెలిసియే యుండును. ఒక దుకాణమున నెక్కువ చెప్పినచో మఱియొక దుకాణమునకు పోవచ్చును. కాని యెన్నడును అద్దె కీయని చోటును, అది కొలదికాలము ఖాళీగా నున్న కారణమున నొకరి కీయవలసి వచ్చినపుడు దానికి వెల యెట్లు కట్టవలెను? తీసికొనువాడు నష్టపడరాదు, ఇచ్చువాడును నష్టపడరాదు. గడువు తీఱిన పిమ్మట ఇరువురును ఒకరి మొగ మొకరు సంతోషముతో చూచుకొనవలెను. ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. కాని యిట్టి చిన్న ప్రశ్నలకు సరియైన సమాధానము దొరకకయే ఎన్నియో స్నేహములు చెడిపోవుచున్నవి.

ఈ ప్రశ్నకు సమాధానమును నేను బడిలో నేర్చుకొనలేదు. ఒక గుఱ్ఱపుసాలలో నేర్చుకొంటిని. ఆ సంగతి చెప్పుటకు ముందు గుఱ్ఱమును గూర్చియు, దాని సాలను గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసి యున్నది. ఏలయన నేటి బాలబాలికలలో పెక్కుమంది గుఱ్ఱమును పెండ్లి యూరేగింపులలోనో, సముద్రతీరమునందో తప్ప దగ్గఱగా చూచి యుండరు.

మా చిన్నతనమున రైలు దిగిన ప్రయాణికుని మొదట పలుకరించునది జట్కాబండి. స్టేషను వెలుపల చెట్ల నీడను జట్కాలు వరుసగా నిలిచి యుండెడివి. ఆటోరిక్షాలు పెరిగిన కొలది అవి యొక్కటొక్కటిగా తగ్గిపోయినవి. ఆ దినములలో ఒక జట్కాగుఱ్ఱము ఒక కుటుంబమున కన్నము పెట్టెడిది. రాత్రి దానికి తలదాచుకొను చోటు లేకున్నచో, మఱునాడు ఆ కుటుంబమునకు కూడు లేదన్నమాటయే.

గుఱ్ఱము నిలుచుండియే కునుకు తీయగలదు. కాని గాఢముగా నిద్రించుటకు అది పరుండవలెను. కావున మెడకు త్రాడు బిగించి ఒక మూలను నిలువబెట్టుటకు మాత్రము చాలిన చోటు సాల యనిపించుకొనదు. పెద్ద గుఱ్ఱమునకు 12 అడుగుల పొడవును, అంతే వెడల్పును గల చోటు కావలెనని అశ్వపోషకులు చెప్పుదురు. జట్కాకు కట్టెడు తట్టువునకు అంతకంటె కొంచెము తక్కువ చాలును. పెద్ద గుఱ్ఱము దినమునకు 25 మొదలు 40 లీటర్లవఱకు నీరు త్రాగును. పేడయు, మూత్రమును నిలువయున్న సాలలో పుట్టెడు ఘాటైన వాయువు దాని యూపిరితిత్తులను చెఱచును. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. గుఱ్ఱము తిన్నదానిని వమనము చేయజాలదు. అందుచేత కడుపునొప్పి వచ్చినచో దానికి ప్రాణాపాయము కలుగవచ్చును. రాత్రివేళ ఎవరో యొకరు దాని యలికిడి వినుచుండుట మంచిది.

కావున ఒకరి గుఱ్ఱమును మఱియొకరు తమ సాలలో నుంచుకొనుట మూడు విధములుగా నుండును. చోటు మాత్రమిచ్చుట మొదటిది. మేతయు, మాలీసును, పేడయెత్తుటయు గుఱ్ఱము గలవాని పనులే. ఈ పనులలో కొన్నిటిని సాలవాడు చేయుట రెండవది. సర్వభారమును సాలవాడే వహించుట మూడవది. ఇంగ్లండు దేశమున సొంత సాల లేనివారు నేటికిని ఈ మూడు విధములుగనే రుసుము చెల్లించి తమ గుఱ్ఱముల నితరుల సాలలలో నుంచుకొనుచున్నారు. దీనిని వారు 'లివరీ' యందురు. అప్పగించుట యను నర్థము గల ఫ్రెంచి పదమునుండి వచ్చిన మాట యది. పూర్వము సేవకులకును, గుఱ్ఱములకును కొలిచి యిచ్చెడి బత్తెమున కాపేరు చెల్లెడిది. ఈ మూటిలో ఏది యిచ్చుచున్నామో ముందుగా తేల్చుకొననిదే వెల కట్టరాదు. "గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణా తప్పదు" అని మనవారి సామెత. ఆ దాణా యెవరిదో తెలియక ముందే అద్దె మాటాడినవారికి తగవు తప్పదు.

మన పూర్వులు ఈ విషయమున నెంత జాగరూకులో కౌటిల్యుని అర్థశాస్త్రమున చూడవచ్చును. అందు రెండవ యధికరణమున అశ్వాధ్యక్షుని గూర్చిన ప్రకరణ మొకటి కలదు. సాల వెడల్పు గుఱ్ఱపు పొడవునకు రెండింతలుండవలెననియు, ఒక్కొక గుఱ్ఱమునకు దాని పొడవంత చతురస్రమైన స్థానమును, మేత తొట్టియు నుండవలెననియు అందు చెప్పబడినది. అశ్వాధ్యక్షుడు గుఱ్ఱముల కులము, వయస్సు, వన్నె, గుర్తులు మున్నగువానిని పుస్తకమున కెక్కింపవలెను. కొన్నవి, యుద్ధమున గెలిచినవి, సాలలోనే పుట్టినవి మొదలగు తెగలతోపాటు కొంతకాలమునకు మాత్రమే ఉంచబడిన గుఱ్ఱములను ఆ గ్రంథము వేఱొక తెగగా పేర్కొన్నది. తాత్కాలికమైన దానిని తాత్కాలికమని వ్రాసి యుంచుటలోనే సగము న్యాయ మున్నది.

ఇక నా కథకు వచ్చెదను. మా తాతగారు ఆయుర్వేదవైద్యులు. చుట్టుప్రక్కల పల్లెలకు పోయి రోగులను చూచుటకై వారికి సొంత జట్కాయు, ఒక గుఱ్ఱమును ఉండెడివి. పెరటిలో తాటాకుల సాల. 1971వ సంవత్సరము ఫాల్గుణమాసమున ఆ గుఱ్ఱము ముదిమిచే చనిపోయినది. అప్పటికి నాకు పండ్రెండేండ్లు. సంక్రాంతికి పంటడబ్బు చేతికి వచ్చిన పిమ్మట వేఱొక గుఱ్ఱమును కొనవలెనని తాతగారి సంకల్పము. అంతవఱకును సాల ఖాళీ.

ఆ యేడు వైశాఖమున ఒకనాటి మధ్యాహ్నము వడగాలిలో స్టేషను వెనుకనున్న పేట యంటుకొన్నది. తాటాకిండ్లు వరుసగా బూడిదయైనవి. అచ్చటి జట్కా సాయిబొకడు గుఱ్ఱమును విప్పి వెలుపలికి తోలగలిగెను గాని, సాలయు, అందలి గడ్డియు, ఉలవల బస్తాయు కాలిపోయినవి. మూడు రాత్రులు అతడు గుఱ్ఱమును చింతచెట్టునకు కట్టి దాని ప్రక్కనే పరుండెను. నాలుగవనాడు మా యింటికి వచ్చి అరుగు క్రింద నిలిచి, "పంతులుగారూ! మీ సాల ఖాళీగా నున్నదని వింటిని. వానలు రాకముందే నా గుఱ్ఱమునకు నీడ కావలెను. క్రొత్తసాల వేసికొనువఱకు చోటిప్పింపుడు. అద్దె యేమో మీరే సెలవిండు" అనెను.

ఆ సమయమున పొరుగింటి పెద్దమనిషి యొకరు అరుగుమీద కూర్చుండి యుండిరి. సాయిబు వినకుండ వారు తాతగారి చెవిలో, "నెలకు పది రూపాయలడుగుడు. ఇయ్యక యెక్కడికి పోవును? వానకాలము తలమీదికి వచ్చుచున్నది" అనిరి. లోపలినుండి మా నాయనమ్మ, "ఇల్లు కాలినవాని యొద్ద డబ్బు తీసికొందుమా? ఊరకయే కట్టుకొమ్మనుడు" అనెను.

తాతగారు పొరుగువారివైపు తిరిగి, "ఇల్లు కాలి యొకడేడ్చుచుండగా చుట్టకు నిప్పడిగినట్లుండును" అని నవ్విరి. ఆ పెద్దమనిషి మఱి మాటాడలేదు. నాయనమ్మ మాటకు మాత్రము సాయిబే బదులు చెప్పెను. "అమ్మగారి దయ గొప్పది. కాని ఊరక యిచ్చిన చోట నేను ధైర్యముగా నుండజాలను. గుఱ్ఱము రాత్రి సకిలించినను నాకు భయమే. కప్పు కారినను నోరు తెఱచి చెప్పలేను. రేపు పొమ్మన్నను పోవలసినదే. అద్దె యిచ్చువానికే అడుగు నోరుండును" అనెను.

తాతగారు కొంతసేపాలోచించి, "నీవు చెప్పినది నిజము సాయిబూ! ఊరక యిచ్చుట యిచ్చువానికి తేలికయే, పుచ్చుకొనువానికి బరువు. రేపుదయమున రమ్ము, లెక్క వేసి చెప్పెదను. ఈ రాత్రికి మాత్రము గుఱ్ఱమును తెచ్చి కట్టుము. ఆపదలో వచ్చినవాని మొదటి రాత్రికి లెక్క లేదు" అనిరి.

ఆ రాత్రి లాంతరు ముందర నన్ను పలకతో కూర్చుండబెట్టుకొని తాతగారు లెక్క చెప్పిరి. సాల కప్పించుటకు 72 రూపాయలగును; కప్పు మూడేండ్లు నిలుచును. అనగా నెలకు 2 రూపాయలు. నేను 2 అని వ్రాసితిని. తాతగారు, "ఆగుము. గుఱ్ఱమున్నను లేకున్నను కప్పు వానకు తడిసి చీకుచునే యుండును గదా! ఆ నష్టమంతయు సాయిబుపై వేయుట న్యాయమా?" అని యడిగిరి. "అట్లయిన నేమియు వేయవలదు" అంటిని. "అదియు సరికాదు. ఆ కప్పు నీడ ననుభవించువా డతడు. కావున చెఱిసగము" అని 1 రూపాయి వ్రాయించిరి.

పిమ్మట నేల. గుఱ్ఱము గిట్టలతో నేలను త్రవ్వును. ఏటికొకసారి మట్టి పోసి గట్టిపఱచుటకు 12 రూపాయలు. ఖాళీసాలలో నేల చెడదు. కావున ఈ నెలకు రూపాయి పూర్తిగా సాయిబుదే. బొక్కెనకు, చేంతాటికి, గాడి మరమ్మతునకు అర్ధరూపాయి. తెల్లవాఱుజామున దొడ్డితలుపు తీయుటకును, రాత్రి లాంతరు నూనెకును అర్ధరూపాయి. మునిసిపాలిటీ పన్ను సంగతి నేనే జ్ఞాపకము చేసితిని. తాతగారు తల త్రిప్పి, "సాయిబు రాకున్నను మనము కట్టవలసిన పన్నే యది. అతని రాకవలన పెరుగని ఖర్చును అతని పద్దున వేయరాదు" అనిరి.

మొత్తము 3 రూపాయలైనది. "ఇంతియేనా?" అంటిని. "ఇది మన ఖర్చు మాత్రమే. ఖర్చునకే చోటిచ్చినచో మన పెరటి యేకాంతమును, మన శ్రమను లెక్కింపనివారమగుదుము. మనస్సులో లెక్కింపని దానిని నోరు తఱువాత విసుగుగా బయటపెట్టును. కావున మనకు లాభముగా 2 రూపాయలు" అనిరి. అప్పటికి 5. "ఇక తీసివేయవలసినది. గుఱ్ఱపుపేడ మన తోటకు ఎరువు. దానిని సాయిబు వదలిపెట్టును. దాని వెల నెలకు రూపాయి తగ్గింపుము." నెలకు 4 రూపాయలు మిగిలెను.

అంతటితో తాతగారు తృప్తిపడలేదు. మఱునాడు తెల్లవాఱకముందే స్టేషను దగ్గఱి సాలల వారిని విచారించిరి. అచ్చట నెలకు 7 రూపాయలు. కాని పెంకుల కప్పు, కావలివాడు, బండి నిలుపు చోటు రెండడుగుల దూరమున. మా సాల తాటాకులది; స్టేషనునకు మైలు దూరము. "మన లెక్క ఊరి లెక్కకు మరీ దూరముగా లేదు. రెండు త్రోవలు ఒకే యూరికి చేరినచో త్రోవ తప్పలేదని తెలిసికొనవలెను" అనిరి.

సాయిబు రాగానే తాతగారు అద్దె యొక్కటియే చెప్పి యూరకుండలేదు. పలక నతని ముందుంచి పద్దులన్నియు చదివించిరి. పిమ్మట, "అంత్యనిష్ఠురముకంటె ఆదినిష్ఠురము మేలు, మిగిలిన మాటలు కూడ నిప్పుడే యనుకొందము" అని షరతులు చెప్పిరి. జ్యేష్ఠము మొదలు సంక్రాంతివఱకు గడువు. నడుమ అద్దె పెంచుట గాని తగ్గించుట గాని లేదు. ఎవరికి ముందుగా విడువవలసి వచ్చినను నెల దినముల ముందు చెప్పవలెను. మేత, మాలీసు, లాడములు, మందులు సాయిబువి. కప్పు మరమ్మతు తాతగారిది. అంతయు విని సాయిబు, "నేనును ఒక మాట చెప్పవలెను పంతులుగారూ! ఈ గుఱ్ఱము ఎడమవైపునుండి చప్పుడు లేకుండ వచ్చువారిని తన్నును. చిన్నబాబును జాగ్రత్తగా నుండుమనుడు" అనెను. తాతగారతని భుజము తట్టిరి.

చాలకాలమునకు పిమ్మట 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమును చదివినపుడు ఈ మాటలన్నియు నాకు మరల కనబడినవి. తన వస్తువును మఱియొకరి కప్పగించువాడు దానియందు తానెఱిగిన లోపమును దాచరాదని ఆ చట్టము 150వ సెక్షను చెప్పుచున్నది. దానికి చూపిన యుదాహరణము గుఱ్ఱమే! పెంకి గుఱ్ఱమని తెలిసియు చెప్పక యెరవిచ్చినవాడు, అది పాఱిపోయి యెక్కినవానిని పడద్రోసినచో, ఆ నష్టమునకు బాధ్యుడు. అప్పగింత పుచ్చుకొన్నవాడు సామాన్యుడైన వివేకి తన సొత్తును కాపాడుకొనునంత శ్రద్ధతో దానిని కాపాడవలెనని 151వ సెక్షను. అప్పగించిన యావు దూడను పెట్టినచో ఆవుతోపాటు దూడనుగూడ తిరిగి యీయవలెనని 163వ సెక్షనులోని యుదాహరణము. సాయిబు ఆ చట్టమును చదువలేదు. నిజాయితీపరుని నోట వచ్చు మాటను చట్టము తరువాత సెక్షనుగా వ్రాసికొన్నదని నాకు తోచినది.

శ్రావణమున ఈ యేర్పాటునకు పరీక్ష వచ్చినది. నాట్లు ముమ్మరముగా సాగుచుండెను. ఎరువుల వర్తకు డొకడు బస్తాలు నిలువచేయుటకు చోటు దొరకక తాతగారి యొద్దకు వచ్చి, ఆ సాలకు నెలకు 12 రూపాయలిత్తుననెను. ఆనాడు మా యింట పన్నెండు రూపాయలు చిన్నమొత్తము కాదు. క్రొత్తగుఱ్ఱమునకు సొమ్ము కూడబెట్టుచున్న కాలము. తాతగారు, "సంక్రాంతివఱకు ఆ సాల నాది కాదయ్యా!" అని యతనిని పంపివేసిరి.

ఈ వార్త సాయిబు చెవిని బడెను. ఆ సాయంకాలమే యతడు వచ్చి, "నా మూలమున మీకు నష్టము కలుగుచున్నది. నెలకు 6 రూపాయలు పుచ్చుకొనుడు" అని నాణెములు అరుగుపై పెట్టెను. తాతగారు వానిలో 4 రూపాయలు తీసికొని తక్కినవి వెనుకకు త్రోసిరి. "సాయిబూ! కప్పు పెద్దది కాలేదు, నేల పెరుగలేదు, నీ గుఱ్ఱము రెండయినది కాదు. పెరిగినది వర్తకుని యవసరము. అతని యవసరమునకు వెల నీవేల చెల్లింతువు? ఈ రెండు రూపాయలు నీ క్రొత్తసాల తాటాకులకు దాచుకొనుము" అనిరి. సాయిబు కన్నులు తుడుచుకొనుచు పోవుట నేను చూచితిని.

అశ్వయుజమున ఒక రాత్రి గుఱ్ఱమునకు కడుపునొప్పి వచ్చినది. అది మాటిమాటికి నేలబడి పొరలుచు, కడుపువైపు తల త్రిప్పి చూచుకొనుచుండెను. ఆ యలికిడి విని తాతగారు లేచి, సాయిబుకు కబురంపి, అతడు పశువైద్యునితో వచ్చువఱకు లాంతరు పట్టుకొని సాల యొద్దనే నిలిచిరి. తెల్లవాఱుసరికి గండము గడచినది. పశువైద్యుని రుసుమును సాయిబు చెల్లించెను, షరతది. తాతగారు మేలుకొన్న రాత్రికి మాత్రము ఎవరును వెల కట్టలేదు. న్యాయముగా లెక్క చూచుకొన్నవారి నడుమ దయకు చోటు తగ్గదు. ఏది బాకీయో, ఏది దయయో స్పష్టముగా తెలియుటచేత ఆ దయ విలువ మఱింత పెరుగును.

కార్తికమున గాలివానకు కప్పు మూల యెగిరిపోయినది. సాయిబు తాటాకులు తెచ్చి తానే కప్పెను. ఖర్చు 3 రూపాయలు. కప్పు మరమ్మతు తాతగారి వంతు గావున పుష్యమాసపు అద్దెలో అది తగ్గింపబడెను. అప్పటికి సాయిబు తన పేటలో క్రొత్తసాల వేసికొనెను. సంక్రాంతికి రెండు దినముల ముందు గుఱ్ఱమును విప్పుకొని, సాలను ఊడ్చి, నేల గుంటలు పూడ్చి, మిగిలిన ఒక్క రూపాయిని తాతగారి చేతిలో పెట్టెను. ఇచ్చువానికి తక్కువయైనదని గాని, పుచ్చుకొన్నవానికి ఎక్కువయైనదని గాని అనిపించలేదు. తాతగారు క్రొత్తగుఱ్ఱమును కొనుటకు సంతకు పోయినపుడు దాని పండ్లు చూచి వయస్సు చెప్పినవాడు ఆ సాయిబే.

బాలబాలికలారా! నేడు మీ యిండ్లలో గుఱ్ఱపుసాలలు లేవు. కాని కొలదికాలము ఖాళీగా నుండు గదులు కలవు. ప్రక్కచేనికి పారించు బోరునీరు కలదు. ఒకరికి పని లేనపుడు మఱియొకరికి కావలసిన యెడ్లబండ్లు, ట్రాక్టర్లు కలవు. పెద్దవారైన పిమ్మట మీరును వెల చెప్పవలసి వచ్చును, వెల యీయవలసి వచ్చును. అపుడు ఎదుటివాని యవసర మెంత గొప్పదో చూచి వెల కట్టకుడు. మొగమాటమున వెల చెప్పక దాటవేయకుడు. నిజముగా అయిన ఖర్చును, మీ శ్రమను, ఎదుటివాని వలన మీకు కలిగిన లాభమును విడివిడిగా వ్రాయుడు. గడువును, ఎవరి బాధ్యత యేదియో మొదటనే చెప్పుడు. చివరకు ఆ కాగితమును ఎదుటివాని చేతి కిచ్చి చదువుమనుడు. అతడు చదువుచుండగా మీరు తల దించుకొనవలసిన యవసరము లేకున్నచో, ఆ వెల న్యాయమైనదే.